మందు కొట్టించే ముందు ఇల్లు సర్దడం

పట్టణాల్లో ఏడాదికి ఒకటి రెండుసార్లయినా ఇంటికి పురుగుల మందు కొట్టించడం ఇప్పుడు మామూలు పనే అయినప్పటికీ, అది ఫలించడం, ఫలించకపోవడం వాడిన మందు మీద కంటే, మందు కొట్టేవాళ్ళు గడప తొక్కేనాటికి ఇల్లు ఏ స్థితిలో ఉన్నదన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఈ సంగతిని గమనించడానికి హైదరాబాదులోని కోఠి తగిన చోటు. 19వ శతాబ్ది తొలి దశకంలో జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన బ్రిటిష్ రెసిడెన్సీ తరువాత మహిళా కళాశాలగా మారి, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయమైంది. ఆ భవనం చుట్టూ అల్లుకున్న సుల్తాన్ బజార్, బడీ చౌడీ, గుజరాతీ గల్లీ, ట్రూప్ బజార్, పుత్లీబౌలీ వీధుల్లోనూ, అటు ఆబిడ్స్, నాంపల్లి వైపు సాగే పాత గల్లీల్లోనూ కింద దుకాణం, దాని వెనక సరుకు గది, పైన కాపురం ఉండే కట్టడాలు నేటికీ కనిపిస్తాయి. ఇలాంటి కట్టడంలో గోడ ఇద్దరిది, మోరీ నలుగురిది, నీళ్ళ పైపులు దిగే సందు అందరిది. కాబట్టి ఒక వంటగదిలో మందు కొడితే బతికిన బొద్దింకలు తెల్లవారేసరికి పక్కింటి వంటగదిలో తేలుతాయి, నెల తిరగకుండా అవే, లేదా వాటి సంతానం, పాత చోటికి తిరిగి వస్తాయి.

కోఠి ఇళ్ళకు పురుగులు చేరే దారులు కూడా ఈ ప్రాంతపు వ్యాపారం వేసిన దారులే. దుకాణాలకు రోజూ వచ్చి పడే అట్టపెట్టెల మడతల్లో చిన్న బొద్దింకలు గూడు కడతాయి, పక్కనే ఉన్న బేగంబజార్ టోకు అంగళ్ళ నుంచి వచ్చే పప్పుల సంచులతో ముక్క పురుగు వస్తుంది, ఎప్పటివో మోరీల నుంచి పెద్ద బొద్దింకలూ పందికొక్కులూ ఎక్కి వస్తాయి, అద్దె గదుల్లో చేతులు మారే పాత మంచాలతో నల్లులు వస్తాయి, కోఠి పాత పుస్తకాల దుకాణాల్లోనూ ఆబిడ్స్ ఆదివారపు ఫుట్‌పాత్ బజారులోనూ కొన్న పుస్తకాల వీపుల్లో దాగి కాగితం తినే పురుగులు వస్తాయి. వీటిలో ఏ ఒక్కదాని అలవాటూ మరొకదానిలా ఉండదు గనుక, అన్నింటికీ ఒకే మందు చాలునని చెప్పే మనిషిని నమ్మడానికి ముందు కొంచెం ఆలోచించవలసి ఉంటుంది.

వాడుకలో ఇంటికి చేసే ప్రతి పురుగుల చికిత్సనూ ఫ్యూమిగేషన్ అనేస్తున్నారు గాని, శాస్త్ర పరిభాషలో ఆ మాట విషవాయువుతో చేసే చికిత్సకే చెల్లుతుంది. గాలి చొరబడకుండా మూసివేసిన చోట వాయువును నింపి, అది గింజలోకి, చెక్కలోకి, సందుల్లోకి చొచ్చుకుపోయి గుడ్డుతో సహా పురుగును చంపేంత వరకు గంటలు, ఒక్కోసారి రోజులు నిలిపి ఉంచి, తరువాత ఆ వాయువును పూర్తిగా వదిలించి, మిగలలేదని పరికరంతో కొలిచి చూసుకోవడం ఫ్యూమిగేషన్. ఇంట్లో జరిగేది చాలావరకు అది కాదు. నీళ్ళలో కలిపిన మందును గోడల అంచుల వెంట పిచికారీ చేయడం, తలుపు కీళ్ళలో చుక్కలు చుక్కలుగా జెల్ పెట్టడం, చెదలకైతే నేలకు రంధ్రాలు చేసి మందు ఎక్కించడం, ఎలుకలకు ఎర పెట్టడం మాత్రమే. ఆసుపత్రుల్లో ఆపరేషన్ గదులను ఫార్మాలిన్ ఆవిరితో శుద్ధి చేయడాన్ని కూడా ఇదే పేరుతో పిలుస్తారు గాని దాని గురి సూక్ష్మజీవులు, పురుగులు కావు. సాయంత్రం దుకాణాల్లో వేసే లోబాన్ పొగ, ఇళ్ళలో వేసే సాంబ్రాణి, వేపాకు పొగ దోమలను కాసేపు తరిమితే తరమవచ్చు, మోరీలో ఉన్న బొద్దింకకు మాత్రం వాటితో పనిలేదు.

ఈ తేడా తెలియడం పాండిత్యం కోసం కాదు, ప్రాణం కోసం. భారతదేశంలో వాయు చికిత్సకు వాడే ముఖ్యమైన రసాయనాలు మిథైల్ బ్రోమైడ్, అల్యూమినియం ఫాస్ఫైడ్. మొదటిది ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని మాంట్రియల్ ఒడంబడిక కింద 2015 నాటికి వర్ధమాన దేశాల్లో కూడా సాధారణ వాడకం నుంచి తొలగిపోయి, ఎగుమతి, దిగుమతి సరుకుల క్వారంటైన్ చికిత్సకు పరిమితమైంది. రెండవది బిళ్ళల రూపంలో ఉంటుంది. గాలిలోని తేమ తగలగానే ఫాస్ఫీన్ అనే వాయువును వదులుతుంది, మూడు గ్రాముల బిళ్ళ నుంచి ఒక గ్రాము వాయువు వస్తుంది. శరీరంలోని కణాలు ప్రాణవాయువును వాడుకునే ప్రక్రియనే ఫాస్ఫీన్ అడ్డుకుంటుంది గనుక అది పురుగుకూ మనిషికీ ఒకే విధంగా విషం, పైగా దానికి విరుగుడు లేదు. మార్కెట్‌లో దొరికే బిళ్ళల వాయువుకు వెల్లుల్లి వాసనో కుళ్ళిన చేప వాసనో ఉంటుంది, కాని ఆ వాసన అందులోని మలినాల వల్ల వచ్చేది కాబట్టి వాసన రాకపోతే వాయువు లేదని అనుకోవడానికి వీల్లేదు. పనిచేసే చోట ఎనిమిది గంటల సగటున పదిలక్షల భాగాల గాలిలో 0.3 భాగానికి మించి ఫాస్ఫీన్ ఉండరాదన్న అమెరికా వృత్తి భద్రతా ప్రమాణాన్ని చూస్తే, ఎంత తక్కువ మోతాదు ఎంత అపాయమో తెలుస్తుంది.

అందుకే మన చట్టం ఈ బిళ్ళలను ప్రభుత్వ సంస్థలకు, నిపుణుల పర్యవేక్షణలో పనిచేసే పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకు మాత్రమే పరిమితం చేసింది. పది, ఇరవై బిళ్ళల చిన్న గొట్టాల అమ్మకాన్ని పూర్తిగా నిషేధించింది. ఆ చట్టం 1968 నాటి కీటకనాశనుల చట్టం, దాని కింద వచ్చిన నిబంధనలు 1971 నాటివి. దాని పుట్టుక వెనక ఒక పెద్ద విషాదం ఉంది. 1958లో కేరళలో పారాథియాన్ అనే పురుగుల మందు ఓడ ప్రయాణంలో కారి గోధుమపిండికి అంటుకోగా, ఆ పిండి తిన్నవారిలో వందమందికి పైగా చనిపోయారు, ఆ తరువాత జరిగిన విచారణలే కాలక్రమంలో ఈ చట్టానికి దారి తీశాయి. తిండీ విషమూ పక్కపక్కన ఉండరాదన్న నియమం అంత ఖరీదు చెల్లించి నేర్చుకున్నది. మందు కొట్టించే రోజున వంటగదిలో బియ్యం డబ్బా మూత సగం తెరిచి ఉంచే ఇల్లు ఆ నియమాన్నే మరచిపోతున్నది.

ఇదే చట్టం ప్రకారం డబ్బు తీసుకుని ఇళ్ళకు మందు కొట్టేవారికి లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సు కావాలంటే వ్యవసాయశాస్త్రంలోనో, రసాయనశాస్త్రం ఒక పాఠ్యాంశంగా ఉన్న సైన్సులోనో పట్టాతో పాటు గుర్తింపు పొందిన సంస్థలో కనీసం పదిహేను రోజుల శిక్షణ ఉండాలి. అలాంటి శిక్షణ ఇచ్చే సంస్థలలో ఒకటి హైదరాబాదులోనే రాజేంద్రనగర్‌లో ఉంది. 1966లో కేంద్ర సస్యరక్షణ శిక్షణ సంస్థగా మొదలై ఇప్పుడు జాతీయ వృక్ష ఆరోగ్య యాజమాన్య సంస్థ అనే పేరుతో నడుస్తున్నది. ఇంత దగ్గరలో శిక్షణ దొరికే నగరంలో, గోడ మీద అతికించిన ఫోను నంబరు చూసి, ధర ఒక్కటే అడిగి, ఎవరు వస్తున్నారో ఏ మందు తెస్తున్నారో అడగకుండా తలుపు తీయడం ఆశ్చర్యమే.

నిర్లక్ష్యం ఎంత దూరం పోగలదో 2024 నవంబరులో చెన్నై శివారు కుండ్రత్తూరులో తెలిసింది. ఎలుకల కోసం ఒక ఇంట్లో పెట్టించిన విషం ఆ రాత్రి ఏసీ వేసి తలుపులు మూసుకుని పడుకున్న కుటుంబానికి తగిలి ఇద్దరు చిన్నపిల్లలు చనిపోయారు, తల్లిదండ్రులు ఆసుపత్రి పాలయ్యారు. విషం పెట్టిన రోజున ఆ ఇంట్లో పడుకోకూడదని, ఏసీ గది గాలి బయటికి పోని గది అని ముందే తెలిసి ఉంటే ఆ రాత్రి వేరుగా గడిచేది. కోఠి, బేగంబజార్ల వంటి చోట మరొక జాగ్రత్త కూడా అవసరం. కింది అంతస్తులోనో పక్క గోడ అవతలో ధాన్యం, పప్పులు నిల్వచేసే గోదాము ఉంటే, అక్కడ టార్పాలిన్లు కప్పి టన్నుకు మూడు బిళ్ళల చొప్పున పెట్టి వారం దాకా ఉంచే చికిత్స జరిగే రోజులు పై ఇంటివాళ్ళకు ముందుగా తెలియాలి, ఎందుకంటే గోడ పగుళ్ళు, కరెంటు తీగలు వెళ్ళే గొట్టాలు ఆ వాయువుకు చాలు.

మొత్తం ఇంటికి నిజమైన వాయు చికిత్స చేయడం ప్రపంచంలో లేకపోలేదు. కాలిఫోర్నియా, ఫ్లోరిడాలలో స్థిరపడ్డ తెలుగువారికి చారల గుడారం కప్పిన ఇళ్ళు పరిచితమైన దృశ్యమే. ఎండు చెక్కలో గూడు కట్టే చెదల కోసం అక్కడ ఇంటినంతా గుడారంతో కప్పి సల్ఫ్యూరిల్ ఫ్లోరైడ్ వాయువును నింపుతారు; ఆ వాయువుకు వాసన లేదు గనుక, ఎవరైనా పొరపాటున లోపల ఉండిపోతే కళ్ళు మండి బయటికి పరుగెత్తేలా ముందుగా క్లోరోపిక్రిన్ అనే రసాయనాన్ని కొద్దిగా వదులుతారు. ఇంటివాళ్ళు రెండు మూడు రోజులు బయట ఉంటారు, మొక్కలు, పెంపుడు జంతువులు వెళ్ళిపోతాయి, తెరిచిన తిండి పదార్థాలు ప్రత్యేకమైన సంచుల్లో రెండు పొరలుగా కట్టబడతాయి, గ్యాసు కట్టేస్తారు, చివరికి గాలిలో ఆ వాయువు పదిలక్షల భాగాల్లో ఒక భాగానికి మించి లేదని కొలిచి చూశాకే తాళం చేతికి వస్తుంది. చెక్క ఇళ్ళున్న ఆ దేశపు పద్ధతి రాతి, ఇటుక గోడల కోఠికి అక్కరలేదు. అక్కడి నుంచి తెచ్చుకోవలసింది ఆ పద్ధతి కాదు, దానికి ముందు ఇంటివాళ్ళు పాటించే క్రమం.

ఇళ్ళలో పిచికారీకి వాడేవి చాలావరకు పైరెత్రాయిడ్లు, అంటే ఒక జాతి చామంతి పూలలో ఉండే విషాన్ని అనుకరిస్తూ తయారుచేసిన సైపర్‌మెథ్రిన్, డెల్టామెథ్రిన్ వంటి మందులు. బొద్దింకల జెల్‌లో ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ వంటివి ఉంటాయి. చెదలకు బైఫెంథ్రిన్, ఇమిడాక్లోప్రిడ్ మొదలైనవి వాడతారు. ఏ మందు డబ్బా మీదనైనా వజ్రాకారపు గుర్తులో కింది సగం ఒక రంగులో ఉంటుంది. ఎరుపు అత్యంత విషపూరితం, పసుపు దాని తరువాతది, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ అన్నింటికంటే తక్కువ. చదువు రానివారికి కూడా తెలియాలని చట్టం పెట్టించిన ఈ రంగు, చదువు వచ్చిన ఇళ్ళలోనే ఎవరూ చూడని గుర్తుగా మిగిలిపోయింది. లేబులు లేని సీసాలో, నీళ్ళ బాటిల్లో పోసి తెచ్చిన మందును ఎంత తక్కువ ధరకైనా ఇంట్లో కొట్టనివ్వకూడదు.

సన్నాహంలో బరువంతా వంటగదిదే. జర్మన్ బొద్దింక అనే చిన్న రకం వేలి గోరంత ఉండి, తడి, వెచ్చదనం, చీకటి మూడూ దొరికే చోట చేరుతుంది. సింకు కింది అల్మారా, ఫ్రిజ్ వెనక మోటారు, తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ, గ్యాసు పొయ్యి కింది జిడ్డు, మిక్సీ అడుగు భాగం, గోడ గడియారం వెనక భాగం దానికి ఇష్టమైన చోట్లు. ఆడ బొద్దింక ముప్పై, నలభై గుడ్లున్న పెట్టెను పొదిగే దాకా ఒంటితోనే మోసుకు తిరుగుతుంది, ఆ పెట్టె గోడలను పిచికారీ మందు దాటలేదు. తెలుగు వంటిళ్ళలో అరల మీద పరిచే పాత దినపత్రికలు ఈ పురుగుకు అన్నింటికంటే మంచి ఆశ్రయం. ఏ ఇంట్లోనైనా సింకు పక్క అరలో పేపరు ఒక మూల ఎత్తి చూస్తే, మిరియం పొడి చల్లినట్టున్న నల్లటి రేణువులు, ఖాళీ అయిన గోధుమరంగు గుడ్డు పెట్టెలు, విడిచిన పొరలు కనిపిస్తాయి. కాబట్టి మందు కొట్టే రోజుకు రెండు రోజుల ముందే ఆ పేపర్లన్నీ తీసి పారేయాలి, అట్టపెట్టెలు బయట పడేయాలి, పొయ్యి వెనక గోడకు పట్టిన జిడ్డును వేడి సోడా నీళ్ళతో కడగాలి, కారుతున్న కుళాయికి వాషరు మార్పించాలి, మోరీ మూతికి జాలీ బిగించాలి. ఈ కడుగుడంతా ముందే కావాలి, తరువాత కాదు. చాలా ఇళ్ళలో వరుస తలకిందులై, మందు కొట్టించిన మర్నాడు ఇల్లంతా ఫినాయిల్‌తో తుడిచేసి డబ్బు మోరీలో పోస్తున్నారు.

తిండి సామాను విషయంలో మొహమాటం ఉండకూడదు. బియ్యం, కందిపప్పు, పిండ్లు, పోపుల డబ్బా, ఉప్పు, చింతపండు, పచ్చడి జాడీలు గట్టిగా మూత పెట్టి, వీలైతే పాలిథిన్ సంచుల్లో కట్టి, మందు కొట్టని గదికో పొరుగింటికో తరలించాలి. గుడ్డ కట్టిన జాడీ మూత కట్టినట్టు కాదు. ఫ్రిజ్ తలుపు మూసే ఉంటే లోపలి పదార్థాలకు ప్రమాదం లేదు. గిన్నెలు, చెంచాలు, చపాతీ పీట, పసిపిల్లల పాలసీసాలు అరల నుంచి దించి మంచం మీద పోసి పాలిథిన్ కప్పాలి. నీళ్ళ ఫిల్టరుకు సంచి తొడిగి కట్టాలి, తాగునీటి బిందెలు ఒలకబోసి బోర్లించాలి, నేలలోని సంపు మూతకు పగుళ్ళుంటే ఆ రోజు దాని చుట్టుపక్కల పిచికారీ చేయనివ్వకూడదు. పాత కట్టడాల్లో సంపూ మోరీ మూతా రెండు మూడు అడుగుల దూరంలోనే ఉంటాయి గనుక ఈ మాట ప్రత్యేకంగా చెప్పవలసి వస్తున్నది.

కొన్ని మందులను కిరోసిన్ వంటి ద్రావకాల్లో కలుపుతారు గనుక నిప్పు విషయంలో ఏమరుపాటు తగదు. సిలిండరు రెగ్యులేటరు కట్టేయడం, దేవుడి గూట్లో దీపం, అగరువత్తులు ఆర్పివేయడం, స్విచ్ బోర్డుల దగ్గర మందు కొట్టేటప్పుడు ఎంసీబీ దించడం, ఫ్యాన్లు, ఏసీ ఆపడం ముందే చేసుకోవాలి. పైరెత్రాయిడ్లు మనుషుల్లో కాస్త త్వరగా విచ్ఛిన్నమవుతాయి గాని చేపలకు అవి అతి తక్కువ మోతాదులో కూడా ప్రాణాంతకం, పిల్లులకు కూడా వాటిలో కొన్ని హానికరం. అక్వేరియం ఉన్న ఇంట్లో దాన్ని వేరే చోటికి మార్చడమే ఉత్తమం, మార్చలేకపోతే గాలి పంపు ఆపి తొట్టిని పాలిథిన్‌తో పూర్తిగా కప్పాలి. గర్భిణులు, ఏడాదిలోపు పసివాళ్ళు, ఉబ్బసం ఉన్నవారు, మంచం పట్టిన పెద్దవారు మందు ఆరేదాకా కాదు, ఆ రోజంతా వేరే ఇంట్లో ఉండటం మంచిది. ఉమ్మడి కుటుంబంలో అందరూ వెళ్ళిపోయి, నడవలేని నాయనమ్మను మాత్రం లోపలి గదిలో తలుపు వేసి ఉంచడం కొన్ని ఇళ్ళలో జరుగుతున్నది, అది ఏ విధంగానూ సరికాదు.

నల్లుల విషయంలో సన్నాహం ఇంకా కఠినం. నల్లి గుడ్లు వారం, పది రోజుల్లో పొదుగుతాయి, పెద్ద నల్లి రక్తం లేకుండా నెలల తరబడి బతకగలదు, పైగా పైరెత్రాయిడ్లకు లొంగని నల్లులు ఇప్పుడు ప్రపంచమంతటా ఉన్నాయి. డీడీటీకి కూడా అవి 1947 నాటికే హవాయిలోని పెర్ల్ హార్బర్ సైనిక నివాసాల్లో ఎదురు నిలిచినట్టు గుర్తించారు. వాటికి మందు కంటే వేడి ఎక్కువ శత్రువు. దుప్పట్లు, దిండు గలీబులు, తెరలు అరవై డిగ్రీల వేడి నీటిలో ఉతకడం, మంచం చట్రాన్ని విప్పి కీళ్ళలో మరిగే నీళ్ళు పోయడం, పరుపు కుట్టు అంచులను పాత బ్రష్షుతో గీకి వాక్యూమ్ పట్టడం పిచికారీకి ముందే జరగాలి. వెనకటి రోజుల్లో నులక మంచాన్ని నడివేసవి ఎండలో పడేసి, కోళ్ళ సందుల్లో సలసల కాగే నీళ్ళు పోసేవారు. పరుపు లోపలికి ఎండ వేడి చేరదు గాని కర్ర కీళ్ళ వరకు ఆ పద్ధతిలో తప్పు లేదు. ఒక గదిలో నల్లులుంటే ఆ గది బట్టలను మూట కట్టకుండా పక్క గదికి మోయడం, వాటిని చేతులారా పంచిపెట్టడమే.

పుస్తకాలున్న ఇళ్ళు కోఠిలో తక్కువేమీ కాదు. 1901 సెప్టెంబరు 1న కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు మొదలైనవారు నెలకొల్పిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఈ సుల్తాన్ బజార్ లోనే ఉంది, పాత పుస్తకాల దుకాణాలు తరతరాల విద్యార్థులను పోషిస్తున్నాయి. కాగితానికి ద్రవ పిచికారీ శత్రువు. నీటి మరక, నూనె మరక పడ్డ పుటలు పురుగు తిన్న పుటల కంటే మెరుగైనవి కావు. గ్రంథాలయాల్లో, పురావస్తు భాండాగారాల్లో దీనికోసం మూసిన పెట్టెలో రసాయనపు ఆవిరి పట్టించే పద్ధతి ఉంది, అక్కడ బూజుకు వాడే థైమాల్ మన ఇళ్ళలో కర్పూరంతో కలిపి వాడే వాము పువ్వే. ఇంట్లో మాత్రం పుస్తకాల అరకు పాలిథిన్ కప్పి, గోడకూ అరకూ మధ్య సందులోనే మందు కొట్టించుకోవాలి. కొత్తగా కొన్న పాత పుస్తకాన్ని అరలో పెట్టే ముందు ఆరుబయట వీపు తట్టి, పుటలు విప్పి దులిపి, వారం రోజులు సంచిలో కట్టి ఉంచితే అందులోంచి పొడి రాలుతున్నదీ లేనిదీ తెలుస్తుంది.

ఇవన్నీ చేసినా పక్క వాటాలవాళ్ళు కలిసిరాకపోతే కోఠి వంటి చోట ప్రయోజనం సగమే. ఒకే మోరీ మీద ఉన్న ఇళ్ళు, కింది దుకాణాలు ఒకే రోజు మందు కొట్టించుకునేలా మాట్లాడుకోవాలి. ఈ ప్రాంతంలో చాలా దుకాణాలు మూతపడే ఆదివారం, ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ను పుస్తకాలవాళ్ళకు ఇచ్చిన ఆ ఆదివారమే, దానికి అనువైన రోజు. ఖర్చు పంచుకోవడం మీద వచ్చే పేచీ పురుగు కంటే మొండిదని అపార్ట్‌మెంటు సంఘాలు నడిపినవారందరికీ తెలుసు.

మందు కొట్టేవాళ్ళు వచ్చాక ఇంటి పెద్దల్లో ఒకరు దగ్గరుండి మందు పేరు, కలిపిన పాళ్ళు, లైసెన్సు నంబరు రసీదు మీద రాయించుకోవాలి. జెల్ పెట్టిన చోట పిచికారీ చేయనివ్వకూడదు, ఎందుకంటే పిచికారీ వాసనకు బొద్దింక ఆ ఎర దగ్గరికే రాదు. చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు లేకుండా రోజుకు నాలుగైదు ఇళ్ళు తిరిగే కుర్రవాడు ఆ విషాన్ని తన ఊపిరితిత్తుల్లో జమచేసుకుంటున్నాడు. అతనికి ఆ సామగ్రి ఇవ్వని యజమాని ఇంటివాళ్ళ ఆరోగ్యాన్ని పట్టించుకుంటాడని నమ్మడానికి ఆధారం లేదు.

పని అయ్యాక నాలుగు నుంచి ఆరు గంటలు బయట ఉండి, తిరిగి వచ్చాక ముందుగా కిటికీలన్నీ తెరిచి, ఫ్యాన్లు వేసి, గంటసేపు గాలి ఆడనిచ్చిన తరువాతే లోపల మసలాలి. వంటగట్టు, భోజనాల బల్ల, పిల్లలు ముట్టుకునే చోట్లు సబ్బు నీళ్ళతో తుడవాలి, గిన్నెలు తోమాలి; గోడల అడుగు అంచులను మాత్రం రెండు వారాల దాకా తడిగుడ్డతో తాకకూడదు. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలయ్యాక ఊళ్ళలో గోడలకు డీడీటీ కొట్టినప్పుడు కూడా ఆ గోడలను అలకవద్దని, సున్నం వేయవద్దని చెప్పేవారు, కారణం అదే, మందు పనిచేసేది గాలిలో కాదు, గోడ మీద మిగిలిన పొరలో. మొదటి కొన్ని రోజులు పగటిపూట కూడా బొద్దింకలు బయట తిరుగుతూ కనిపిస్తే మందు పనిచేయలేదని కంగారు పడనక్కరలేదు, దాగిన చోట్ల నుంచి మందు వాటిని బయటికి తరుముతున్నదని అర్థం. గుడ్డు పెట్టెలు మాత్రం అప్పటికి బతికే ఉంటాయి కాబట్టి రెండు మూడు వారాల తరువాత రెండో విడత తప్పనిసరి. అది ఒప్పందంలో లేకపోతే మొదటి విడతకు ఇచ్చిన డబ్బు వృథాయే.

ఎవరికైనా తలనొప్పి, వాంతులు, నోట చొంగ, చర్మం మీద చిమచిమలు, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే వెంటనే గాలిలోకి తీసుకురావాలి, మందు పడ్డ బట్టలు తీసేసి ఒంటిని సబ్బుతో కడగాలి, బలవంతంగా వాంతి చేయించకూడదు, 108కు ఫోను చేసి మందు డబ్బానో దాని పేరు రాసిన రసీదునో ఆసుపత్రికి వెంట తీసుకువెళ్ళాలి, ఎందుకంటే ఏ మందో తెలియకపోతే వైద్యుడు కూడా చీకట్లో వెతుక్కోవలసిందే. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం రాత్రింబవళ్ళు ఉచితంగా 1800 116 117 నంబరులో సలహా ఇస్తుంది. మందు కొట్టించిన తేదీ, మందు పేరు రాసిన చోటే, వంటగది గోడ క్యాలెండరు మీద, ఆ నంబరు కూడా రాసి ఉంచండి.